కుడిచేతి మీద కప్ప

గిన్నెలు తోమే పీచుతో రుద్దినా పోలేదు. కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ సబ్బు పెట్టి రుద్దింది మరియరాణి. కూతురి చేయి మణికట్టు దాకా కందిపోయింది గాని, చేతి వెనక ఆకుపచ్చ బొమ్మ అలాగే ఉంది. రూపాయి బిళ్ళంత గుండ్రం. అందులో ఒక కప్ప. ఆ కప్ప నవ్వుతోంది.

"మా, ఇట్ హర్ట్స్," అంది అనీషా. అంటూనే చేయి మాత్రం వెనక్కి లాక్కోలేదు. పదహారేళ్ళ పిల్ల, ఆదివారపు గౌను ఇంకా మార్చుకోకుండా స్నానాల తొట్టి అంచు మీద కూర్చుని, చేయి తనది కానట్టు అమ్మకిచ్చేసి గోడవైపు చూస్తోంది.

మరియరాణి కొళాయి కట్టేసింది. తన చేతిలోని పీచును చూసుకుంది. మనిషి చర్మం మీద వాడేది కాదది. దాన్ని సింకులో పడేసి, మెత్తటి తువ్వాలు తెచ్చి కూతురి చేయి అద్దింది.

ఈ పరాయిదేశంలో తాముండే క్వేకర్స్ హిల్ నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం పెండిల్ హిల్ వెళ్తారు వాళ్ళు. అక్కడి ఇంగ్లీషు చర్చివాళ్ళు తమ ఆరాధన అయ్యాక వెనక హాలు తెలుగువాళ్ళకు ఇస్తారు. నరసాపురం, పాలకొల్లు, కాకినాడ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు, తలా ఒక సంఘం నుంచి వచ్చినవాళ్ళు, ఇక్కడ ఒక్కటిగా కూడుకుంటారు. చెప్పులు గుమ్మం బయట విడుస్తారు. ఆడవాళ్ళు కొంగు తల మీద వేసుకుంటారు. వారం వారం ప్రభువు బల్ల ఉంటుంది. ముందు రొట్టె, తర్వాత చిన్న చిన్న గాజు గ్లాసుల్లో ద్రాక్షరసం. గ్లాసు అందుకున్నవాళ్ళు వెంటనే తాగరు. అందరికీ అంది, ఖాళీ పళ్ళెం ముందుకు తిరిగి వెళ్ళాక, సంఘపెద్ద జీవరత్నం గారు మాట చెప్తే అప్పుడు అందరూ కలిసి తాగుతారు. ఒకరు ముందూ ఒకరు వెనకా కాకూడదని ఆయనే పెట్టిన పద్ధతి.

ఆ మధ్యాహ్నం రొట్టె కోసం అనీషా కుడిచేయి చాపినప్పుడు పక్కనున్న ప్రిస్సిల్లా చూసింది. ప్రిస్సిల్లా జీవరత్నం గారి భార్య. కూటం ముగియగానే ఆయన మరియరాణి భర్త దయానందాన్ని టీ కాచుకునే గదిలోకి పిలిచారు. గల్ఫ్‌లో యుద్ధం జరిగిన దగ్గర్నుంచీ ఆయన ప్రసంగాలన్నీ అంత్యదినాల మీదే. బైబిలు చివరి పుస్తకంలో చెప్పిన, కుడిచేతి మీద వేసే మృగం ముద్ర అంటే ఏమిటో, అపవిత్రాత్మలు ఏ రూపంలో కనబడతాయని రాసి ఉందో దయానందానికి మళ్ళీ గుర్తు చేశారు. కప్ప రూపంలోనే కదా బ్రదర్, అన్నారు. పిల్ల శనివారం న్యూటౌన్‌లో ఏదో హాలుకు వెళ్ళి, జపాన్ దేశపు బ్యాండ్లవాళ్ళ కేకలు విని, ముద్ర వేయించుకుని, అదే చేత్తో ప్రభువు రొట్టె ముట్టింది. వచ్చే ఆదివారం సంఘం ఎదుట నిలబడి ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా బల్లలో పాలుపంచుకోకూడదు.

అలాగే బ్రదర్ అన్నాడు దయానందం.

అనీషా దొంగచాటుగా ఏమీ వెళ్ళలేదు. స్కూల్లో ఆమె నేర్చుకుంటున్నది జపనీస్. ఆ టీచరే క్లాసులో నోటీసు అంటించింది. పెద్ద కంపెనీల అండ లేకుండా, తమ పాటలు తామే క్యాసెట్లు చేసి అమ్ముకునే కుర్ర బ్యాండ్లు జపాన్ నుంచి వస్తున్నాయి, వరుసగా రెండు శనివారాలు మధ్యాహ్నంపూట వాయిస్తాయి, పిల్లల్నీ రానిస్తారు అని. జపాన్‌వాళ్ళ ప్రోగ్రాం, స్కూలువాళ్ళు చెప్పారు అంటే మరియరాణి వెళ్ళమంది. జీవరత్నం గారి అబ్బాయి డేనీదీ అదే క్లాసు. ఇద్దరూ ఒకే రైల్లో వెళ్ళి ఒకే రైల్లో వచ్చారు.

ఆ మాట దయానందం అడక్కపోలేదు. మావాడి చేతి మీద ఏమీ లేదు బ్రదర్, కావాలంటే చూడండి, అన్నారట జీవరత్నం గారు.

* * *

మరియరాణి పనిచేసేది ముసలివాళ్ళ ఆశ్రమంలో. ఉదయాన్నే వాళ్ళను లేపి, ఒళ్ళు తుడిచి, బట్టలు తొడిగి కూర్చోబెట్టాలి. మిస్టర్ డాల్టన్ అని ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు ఓడల్లో తిరిగినవాడు. ఆయన కుడిచేతి మీద నీలంరంగు లంగరు పచ్చబొట్టుంది. చర్మం ముడతలు పడి లంగరు కూడా వంకర పోయింది. మంగళవారం ఆ చేతిని గోరువెచ్చని నీళ్ళలో పెట్టి వేళ్ళ సందులు తుడుస్తూ మరియరాణి ఆగిపోయింది. ఈ చేతిని ఎన్నేళ్ళుగా కడుగుతోంది తను. ఒక్కసారైనా భయం వేయలేదు. పీచు వెతుక్కోలేదు.

"ఏమ్మా, లంగరు ఎక్కడికైనా కొట్టుకుపోయిందా?" అన్నాడు ముసలాయన.

లేదు, ఉంది అని నవ్వి ఆమె చేయి తుడిచింది. ఆ రోజంతా మనసు మాత్రం నవ్వలేదు. జీవరత్నం గారు వాక్యం ఎరిగినవారు. ఆయన ఊరికే అంటారా? ఒకవేళ నిజంగానే అక్కడ ఏదైనా ఉంటే? తల్లిగా తాను గుడ్డిగా పంపిందేమో. మరి లేకపోతే? లేనిదాన్ని ఉందని పదిమందిలో ఒప్పిస్తే అది అబద్ధసాక్ష్యం కాదా?

సాయంత్రం దయానందం ముందు అన్నం పెట్టి అడిగింది. "అది ఏమని ఒప్పుకోవాలండీ?"

"వెళ్ళానని."

"వెళ్ళింది మనతో చెప్పే కదా. అక్కడేముందో ఆయన చూశారా?"

"చూడక్కర్లేదు రాణీ. పెద్దలన్నాక అయిపోయింది." దయానందం పప్పులో అన్నం కలుపుతూనే ఉన్నాడు, ముద్ద ఎత్తడం లేదు. "ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన గరాజులో పడుకున్నాం. ఆ ఇంటి ఉప్పు తిన్నాం. ఒక్క నిమిషం నిలబడి సారీ అంటే పోయేదానికి..."

"పిల్లకి మాత్రం పోదు," అంది మరియరాణి.

లోపలి గదిలో టేప్ రికార్డరు ఆగిపోయింది. పిల్ల వింటోందని ఇద్దరికీ తెలిసింది. అనీషా ఆ వారమంతా స్కూలుకు పొడుగుచేతుల స్వెట్టరు వేసుకుని వెళ్ళింది. ఇంట్లో కీబోర్డు మీద ఆదివారపు పాటలు వాయించడం మానేసింది. సంఘంలో పాటలకు వాయించేది ఆ పిల్లే.

శుక్రవారం బట్టలు మడత పెడుతూ మరియరాణి కూతురితో చెప్పింది, రేపటి ప్రోగ్రాంకి నేనూ వస్తానని.

అనీషా మొదట నమ్మలేదు. "యూ'ల్ హేట్ ఇట్, మా. చాలా లౌడ్. ఏమీ అర్థం కాదు."

"అర్థం కాకపోతే కాకపోనీ. నువ్వు దేనికి తల వంచాలో నేను చూడాలి."

"చీరలోనా?"

"చీరలోనే. మరి గౌనులోనా?"

పిల్లకు నవ్వొచ్చింది. ఆ వారంలో అదే మొదటి నవ్వు.

* * *

ఆ ఇంట్లో ప్రార్థన చేయకుండా ప్రయాణానికి గడప దాటరు. శనివారం దయానందం తోటలో గడ్డి కోస్తూ ఇటు చూడలేదు. మరియరాణి చీర మీద కార్డిగన్ వేసుకుని, జాగర్స్ బూట్లు తొడుక్కుని, గుమ్మంలో కొంగు తల మీద కప్పుకుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, అక్కడ చెడుంటే నాకు చూపించు. లేకపోతే అదీ చూపించు." అనీషా ఆమెన్ అంది.

ఆగస్టు ఇక్కడ చలికాలం, గాలి చలిచలిగా వీస్తోంది. రైలు దిగి, దుకాణాల వీధి వెంట నడిచి, పాత ఇటుకల హాలు దగ్గరికి వచ్చారు. బయట నల్లబట్టల కుర్రకారు వరుసలో నిలబడి ఉంది. ఒకడి ముక్కుకు పోగు. ఒకమ్మాయి తల సగం గొరిగించుకుంది. మరియరాణి కూతురి పక్కకు జరిగింది. వాళ్ళు మాత్రం ఆమె చీర వంక ఒకసారి చూసి, కాస్త జరిగి, ఆమెకు చోటిచ్చారు.

గుమ్మం దగ్గర బల్ల మీద సిరా ప్యాడ్, కర్రపిడి స్టాంపు. సగం తల గొరిగించుకున్న మరో అమ్మాయి టిక్కెట్టు చింపి, "హ్యాండ్, లవ్?" అంది.

మరియరాణి ఎడమచేయి దానంతట అదే ముందుకు వచ్చింది. ఆ పిల్ల స్టాంపు ఎత్తింది.

"ఆగమ్మా," అని ఇంగ్లీషులో అడిగింది మరియరాణి. "ఇదెందుకు?"

బయటికెళ్ళి మళ్ళీ వచ్చేవాళ్ళలో టిక్కెట్టు కొన్నవాళ్ళెవరో తెలియాలి కదా అని చెప్పిందా పిల్ల. స్టాంపు తిప్పి చూపించింది. వాళ్ళమ్మ చిన్నపిల్లల బడిలో టీచరు. లెక్కలు బాగా చేసిన పిల్లల పుస్తకంలో ఈ కప్పను వేస్తుంది. "రెండు శనివారాలకని అరువు తెచ్చా. సోమవారానికల్లా ఇచ్చేయాలి, లేకపోతే నన్ను చంపేస్తుంది."

మరియరాణి కొంతసేపు ఆ రబ్బరు కప్పను చూస్తూ నిలబడింది. వెనక వరుస కదలమంటోంది. ఆమె ఎడమచేయి వెనక్కి తీసుకుని కుడిచేయి చాపింది. కూతురు ఏ చేయి ఇచ్చిందో ఆ చేయే. సిరా చల్లగా తగిలింది.

లోపల నేల పాలిష్ వాసన, తడి ఉన్ని వాసన. వేదిక మీద ఎరుపు, నీలం దీపాలు. మొదట ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు, అనీషా కంటే నాలుగైదేళ్ళు పెద్దవాళ్ళు. ముగ్గురూ పసుపుపచ్చ వానకోట్లు వేసుకున్నారు. వేదిక ఎక్కేముందు బూట్లు విప్పి ఓ వారగా, ముక్కులు బయటికి ఉండేలా జతలుగా పెట్టారు. తమ చర్చి హాలు గుమ్మంలో తన చెప్పులు ఎప్పుడూ ఎవరో ఒకరు తన్నేసి వెళ్తారని మరియరాణికి గుర్తొచ్చింది. గిటారు పిల్ల కాగితం చూసి ఇంగ్లీషులో చదివింది. మేము ఒసాకా నుంచి వచ్చాము, మా పాటలు చిన్నవి, మీరు వచ్చినందుకు కృతజ్ఞులము. నడుము వంచి దణ్ణం పెట్టింది. ఆ తర్వాత పిడుగు పడ్డట్టు మోత మొదలైంది.

మరియరాణికి అది నచ్చలేదు. చెవుల్లో దూది పెట్టుకున్నా మోత నేలలోంచి కాళ్ళకు, కాళ్ళలోంచి గుండెకు ఎక్కింది. గోడకు ఆనుకుని యేసు నామం తలుచుకుంటూ నిలబడింది. ఎక్కడ, ఎక్కడుందది అని వెతుకుతూనే ఉంది. విగ్రహం లేదు. సారా లేదు, పిల్లలు కూడా వచ్చే ప్రోగ్రాం కాబట్టి నిమ్మసోడా అమ్ముతున్నారు. ముందున్న కుర్రాళ్ళు ఒకరి మీద ఒకరు పడి ఎగురుతున్నారు. ఒకడు వేదికెక్కి జనం మీదికి దూకాడు. ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి వాణ్ని అందరూ చేతుల మీద మోస్తున్నారు. ఇంకొకడు కిందపడితే చుట్టూ ఉన్నవాళ్ళు ఆగి, లేపి, ఊడిన బూటు చేతికిచ్చి మళ్ళీ ఎగరడం మొదలుపెట్టారు.

మూడో బ్యాండులో పాడినవాడు సన్నగా, జబ్బుమనిషిలా ఉన్నాడు. పాడడు, అరుస్తాడు. ఏ భాషలో అరిచినా అర్థం కానంత అరుపు. మరియరాణి గోడకు ఇంకా ఒదిగి నిలబడింది. ఇదేనా అనుకుంది. వింటూ వింటూ ఉండగా ఆ అరుపు ఎక్కడో విన్నట్టనిపించింది. తమ్ముడి పెట్టె మట్టిలోకి దించినప్పుడు అమ్మ ఇలాగే అరిచింది. పాస్టరు గారు ఊరుకోమ్మా, నిరీక్షణ లేనివాళ్ళలా ఏడవకూడదు అంటున్నా అరిచింది. ఆ రోజు అమ్మలో దెయ్యముందని ఎవరూ అనలేదు. ఇప్పుడు దూది ఉన్నా చెవులు మూసుకుంది, కళ్ళు మాత్రం మూసుకోలేదు.

పక్కనున్న అనీషా వేళ్ళు గోడ మీద వాయించుకుంటున్నాయి, కీబోర్డు మీద వాయించినట్టు. పాట ఆగగానే ఆ సన్నటివాడు తువ్వాలు తీసి, తన చెమట పడ్డ మైకును, దాని స్టాండును శుభ్రంగా తుడిచి తర్వాతివాళ్ళకు అప్పగించాడు.

విరామంలో సోడా తెచ్చుకుందామని మరియరాణి పక్కకు వెళ్ళింది. అక్కడ కుర్రాళ్ళ గుంపులో నవ్వుతున్న డేనీ ఆమెను చూశాడు. నవ్వు ఆగిపోయింది. గుంపులోంచి బయటికొచ్చి అలవాటుగా చేతులు జోడించాడు. "వందనాలు ఆంటీ."

"వందనాలు నాన్నా. నువ్వూ వచ్చావా?"

"లాస్ట్ వీక్ కూడా వచ్చా." డేనీ ఆమె చేతి మీది కప్పను చూశాడు. అతని చేతి మీదా ఉంది. "టూత్‌పేస్ట్ రాసి రుద్దితే పోతుంది ఆంటీ. ఈజీ. డాడీ చెప్పారు."

"డాడీకి తెలుసా?"

తానేమన్నాడో అప్పటికి అర్థమైంది ఆ కుర్రాడికి. తల వంచుకున్నాడు. "అన్నం తినేటప్పుడు చూశారు. సండేలోపు క్లీన్ చేసెయ్ అన్నారు, అంతే. నేను అనీషాకి చెప్పి ఉండాల్సింది. అయామ్ సారీ ఆంటీ. నేను చెప్పానని అనకండి, ప్లీజ్."

మరియరాణి రెండు సోడాలు కొంది. సోడా సీసా ఒకటి అతని చేతిలో పెట్టి, తనది తీసుకుని వచ్చేసింది.

తిరుగు రైల్లో అనీషా కిటికీకి తల ఆనించుకుని కూర్చుంది. బ్లాక్‌టౌన్ స్టేషను దగ్గర అడిగింది, "సో? చెడు దొరికిందా, మా?"

"మోత దొరికింది," అంది మరియరాణి. చెవిలో మిగిలిన దూది తీసి చేతిరుమాలులో కట్టుకుంది.

* * *

ఆదివారం పొద్దున్న పళ్ళు తోముకుంటూ టూత్‌పేస్ట్ ట్యూబు వంక చూసింది. మూత బిగించి అరలో పెట్టింది. వెనక, గది తలుపు దగ్గర నిలబడ్డ అనీషా, పేస్టుతో పోతుందని డేనీ చెప్పాడంది.

"తెలుసు," అంది మరియరాణి.

బల్ల సిద్ధం చేయడం ఆమె పనే. పులియని పిండి తానే కలిపి, తానే కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి తెస్తుంది. హాలు వెనక గదిలో గ్లాసులు వేడినీళ్ళతో కడిగి, వెలుతురుకు పట్టి చూసి, పళ్ళెం గుంటల్లో ఒక్కొక్కటే పెట్టింది. సన్నమూతి కెటిల్‌తో ద్రాక్షరసం పోస్తుంటే చేతి మీది కప్ప గ్లాసు గ్లాసు మీదుగా కదిలింది. ఒక్క చుక్క పళ్ళెంలో పడలేదు.

పళ్ళెం పట్టుకెళ్ళడానికి దయానందం వచ్చాడు. వరుస వరుసకూ దాన్ని తిప్పేది అతనే. చేయి చూసి మొహం తిప్పుకున్నాడు. "కడుక్కోకపోయావా?"

"స్నానం చేశానండీ." కెటిల్ కింద పెట్టింది. "డేనీ చేతి మీదా వేశారు, మొదటి శనివారమే. జీవరత్నం గారు చూసి, ఆదివారంలోపు టూత్‌పేస్ట్‌తో తుడుచుకోమన్నారట. మీకు చెప్తున్నానంతే. అక్కడ అనను."

దయానందం పళ్ళెం రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయాడు. గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి.

పాట అయింది. కీబోర్డు మూసే ఉంది. జీవరత్నం గారు లేచి, ఒక బిడ్డ దారి తప్పిందని, తిరిగి వస్తే సంఘం సంతోషిస్తుందని చెప్పి, అనీషాను నిలబడమన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే బాధపడుతున్నట్టుంది. వెనక వరుసలో, చెప్పుల గుమ్మానికి దగ్గరగా కూర్చున్న పిల్ల కుర్చీ పట్టుకుని లేవబోయింది. మరియరాణి ఆమె మోకాలి మీద చేయి వేసి ఆపి, తాను లేచింది.

ఆ కూటంలో ఆడవాళ్ళు పాడతారు గాని మాట్లాడరు. తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"ఒప్పుకోలుకైతే ఆడవాళ్ళు మాట్లాడొచ్చు కదా బ్రదర్," అంది. కొంగు జారకుండా కుడిచేత్తో పట్టుకుంది. "నిన్న నేనూ వెళ్ళాను. ప్రార్థన చేసుకునే వెళ్ళాను. టిక్కెట్టు కొన్నాను. ఇది వేయించుకున్నాను. వాళ్ళు వాయించినంతసేపూ విన్నాను. చెవులు నొప్పి పుట్టాయి. ఇందులో ఏది పాపమో నాకు తెలియలేదు. మీరు చెప్తే దానికి క్షమాపణ అడుగుతాను. నా బిడ్డా అడుగుతుంది."

జీవరత్నం గారు నోరు తెరిచారు. ఆయన చూపు ముందు వరుసలో కూర్చున్న కొడుకు మీదికి వెళ్ళింది. డేనీ తన మోకాళ్ళు చూసుకుంటున్నాడు. ఆ చూపు మళ్ళీ మరియరాణి మీదికి వచ్చింది. డేనీ ముద్ర సంగతి తనకు తెలుసునని ఆయనకు తెలిసిందని ఆమె గ్రహించింది. ఆయన మరేదో అంటారని, అనగలరని, ఆమె నిజంగా ఆశపడింది.

"ఇవాళ్టికి మీరిద్దరూ బల్లకు దూరంగా ఉండండి సిస్టర్," అన్నారాయన. "తర్వాత మాట్లాడుకుందాం."

మరియరాణి కూర్చుంది. రొట్టె తిరిగింది. వీళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు పక్కావిడ కళ్ళు దించుకుని, చేయి వీళ్ళ ముందునుంచి చాపి పళ్ళేన్ని అవతలికి అందించింది. తాను కాల్చిన రొట్టె వాసన మరియరాణికి తగిలి వెళ్ళిపోయింది. ఇంత నొప్పి ఉంటుందని అనుకోలేదు. పోయిన ఆదివారం నుంచీ ఈ నొప్పి మోస్తున్న పిల్ల పక్కనే ఉంది. ఆ పిల్ల చేయి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

గ్లాసుల పళ్ళెంతో దయానందం వచ్చాడు. ముందు వరుసలు, మధ్య వరుసలు దాటి, ప్రతివాళ్ళ ముందూ వంగి, వెనక వరుస దాకా వచ్చాడు. అవతలి చివర ఇద్దరు ముగ్గురు ఇంకా మిగిలారు. భార్య ముందు, కూతురి ముందు ఆగాడు. పక్కకు అడుగు వేయాలి. వేయలేదు. పళ్ళెం కొంచెం ఒరిగింది. సరిచేసుకున్నాడు.

ఆ తర్వాత కూతురి పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుని, పళ్ళేన్ని మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

పళ్ళెం తిరుగుతుండగా పాడే పాట ఆఖరి చరణం అయిపోయింది. మళ్ళీ ఎత్తుకున్నారు, అదీ అయిపోయింది. హాలు నిండా మనుషులు, చేతుల్లో నిండు గ్లాసులు. పళ్ళెం ముందుకు వెళ్ళందే ఎవరూ తాగడానికి లేదు. ఎవరిదో చంటిపిల్ల గ్లాసు కోసం చేయి చాపితే తల్లి పైకెత్తి పట్టుకుంది.

దయానందం భార్య చేతి వంక చూశాడు. వారం రోజుల్లో మొదటిసారి సూటిగా చూశాడు.

"కప్పేనా అది?" అన్నాడు మెల్లగా.

"కప్పే. లెక్కలు బాగా చేసిన పిల్లలకి వేస్తారట."

ముందు నుంచి జీవరత్నం గారు దగ్గారు. "బ్రదర్ దయానందం," అని పిలిచారు.

దయానందం తలెత్తి, "ఇక్కడ ఇంకా అందలేదు బ్రదర్," అన్నాడు. లేవలేదు.